వేరుశనగలోని మందు, వేరుశనగలోని విషం



ఈ వ్యాసం వేరుశనగ గింజలో ఉండే రెండు అణువులను గురించి. మొదటిదానిని మొక్క తానే తయారు చేసుకుంటుంది. దాని పేరు రెస్వెరట్రాల్. రెండవదానిని మొక్క తయారు చేయదు. మొక్క మీద దాడి చేసే బూజు తయారు చేస్తుంది. దాని పేరు అఫ్లటాక్సిన్. మొదటిదానిని సీసాలలో నింపి గుండెకు రక్ష అనీ, వృద్ధాప్యానికి విరుగుడు అనీ అమ్ముతున్నారు. రెండవదానిని గురించి అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. మొదటిదాని మీద మనం పెడుతున్న ఖర్చు వృథా. రెండవదాని మీద మనం పాటిస్తున్న మౌనం ప్రమాదకరం. నా వాదం ఇంతే. మిగిలినదంతా దానికి ఆధారం.

ప్రభుత్వ వైద్యుడిగా పదవీ విరమణ చేసినా, డోన్‌లో నన్ను సలహా అడిగేవారు ఇంకా ఉన్నారు. ఈ మధ్య వారిలో కొందరు ఫోనులో వచ్చిన సందేశాలు చూపిస్తున్నారు. "రోజుకొక మాత్ర వేసుకుంటే రక్తనాళాలు శుభ్రపడతాయట, నిజమేనా సార్?" అని ఒకరు. "ఎర్ర వైన్ గుండెకు మంచిదని డాక్టర్లే అంటున్నారు గదా?" అని ఇంకొకరు. బీపీ మాత్రలను పక్కన పెట్టి, ఆ డబ్బుతో ఈ సీసాలు తెప్పించుకున్నవారినీ చూశాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరికే మందు మాని, వేల రూపాయలు పోసి నమ్మకం కొనుక్కోవడం అంటే ఇదే. అందుకే ఈ విషయాన్ని కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను.

పాలీఫినాల్ అంటే ఏమిటి?

ఆరు కార్బన్ పరమాణువులు వలయంగా చేరితే దానిని బెంజీన్ వలయం అంటాము. ఆ వలయానికి ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన హైడ్రాక్సిల్ జంట అంటుకుంటే అది ఫినాల్. ఇటువంటి ఫినాల్ భాగాలు పలు ఉన్న పదార్థాలకు పాలీఫినాల్స్ అని పేరు. టీలోని వగరు, కరక్కాయలోని వగరు, పసుపులోని పసుపుదనం, నేరేడు పండులోని నీలిరంగు, ఇవన్నీ ఈ కుటుంబానివే.

రెస్వెరట్రాల్ ఈ కుటుంబంలో చిన్న సభ్యుడు. 14 కార్బన్, 12 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులు దానిలో ఉంటాయి. ఎద్దులబండి ఇరుసును ఊహించుకోండి. అటు ఒక చక్రం, ఇటు ఒక చక్రం, నడుమ ఇరుసు. చక్రాలు రెండు బెంజీన్ వలయాలు. ఇరుసు రెండు కార్బన్‌ల మధ్య ఉండే జంట బంధం. ఒక చక్రానికి రెండు హైడ్రాక్సిల్ జంటలు, మరొక చక్రానికి ఒకటి. దీనిని 1939లో జపాన్ శాస్త్రజ్ఞుడు మిచియో తకావోకా ఒక అడవి మొక్క వేరు నుండి మొదట వేరు చేశాడు. 1976లో ఇది వేరుశనగలో ఉన్నదని తేలింది. అదే ఏడాది ద్రాక్ష ఆకులలోనూ దీనిని గుర్తించారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మొక్క దీనిని మనిషి గుండె కోసం తయారు చేయదు. బూజు తాకినప్పుడు, పురుగు కొరికినప్పుడు, గాయమైనప్పుడు మొక్క తన రక్షణ కోసం అప్పటికప్పుడు తయారు చేసుకునే ఆయుధం ఇది. ఇటువంటి వాటిని ఫైటోఅలెక్సిన్లు అంటారు. మన శరీరంలో జ్వరం వచ్చినప్పుడు తెల్లకణాలు పెరిగినట్లు, మొక్కలో దాడి జరిగినప్పుడు ఈ పదార్థాలు పెరుగుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. వ్యాసంలో తరువాత వచ్చే విషానికీ దీనికీ నేరుగా సంబంధం ఉన్నది.

కీర్తి ఎలా వచ్చింది?

ఫ్రాన్సు దేశస్థులు వెన్న, మాంసం బాగా తిన్నా వారిలో గుండెజబ్బు మరణాలు తక్కువని లెక్కలు చెప్పాయి. దీనికి ఎర్ర వైన్ కారణం కావచ్చునని 1991 నవంబరులో అమెరికాలో ఒక ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమం ప్రకటించింది. వైన్ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. 1992లో వైన్‌లో రెస్వెరట్రాల్ ఉన్నదని కనుగొన్నారు. 1997లో ఎలుకల చర్మం మీద పుట్టించిన కణుతులను ఇది తగ్గించిందని ఒక పరిశోధన. 2003లో ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆయువు పెంచిందని మరొకటి. 2006లో బాగా కొవ్వు తినిపించిన ఎలుకలు దీనితో ఎక్కువ కాలం బ్రతికాయని ఇంకొకటి.

ఇవన్నీ శాస్త్రీయ పత్రికలలో వచ్చిన పరిశోధనలే. వాటిని నేను తీసివేయడం లేదు. కాని ఈస్ట్ వేరు, ఎలుక వేరు, ఎనభై ఏళ్ల మన తాత వేరు. ఆ దూరాన్ని దాటడానికి మనుషుల మీద పరీక్షలు కావాలి. వ్యాపారానికి అంత ఓపిక లేదు. 2008లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ అనే పెద్ద మందుల సంస్థ, ఈ అణువు మీద పనిచేస్తున్న సర్ట్రిస్ అనే చిన్న సంస్థను 72 కోట్ల డాలర్లకు కొన్నది. 2010లో మైలోమా అనే ఎముకమజ్జ క్యాన్సరు రోగులకు ఈ మందు ఇచ్చి చూస్తుండగా కొందరిలో మూత్రపిండాలు దెబ్బతిన్నందున ఆ పరీక్షను ఆపవలసి వచ్చింది. రెస్వెరట్రాల్‌ను మందుగా తీర్చిదిద్దే ప్రయత్నాన్ని ఆ సంస్థ విరమించుకున్నది. అన్ని కోట్లు పోసిన సంస్థే మందుగా నిలబెట్టలేకపోయిన పదార్థాన్ని, అంగడిలో సీసాలకెత్తినవారు మాత్రం ఈనాటికీ మందువలె అమ్ముతున్నారు.

2012లో మరొక దెబ్బ. రెస్వెరట్రాల్, గుండె సంబంధం మీద అనేక వ్యాసాలు ప్రచురించిన ఒక ఆచార్యుని పరిశోధనలలో 145 చోట్ల కల్పిత సమాచారం ఉన్నదని అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయమే ప్రకటించింది. ఒకరి తప్పుతో మొత్తం పరిశోధన అబద్ధమైపోదు. కాని మీ ఫోనుకు వచ్చే సందేశాలలో ఏ మాట ఏ వ్యాసం నుండి వచ్చినదో మీకెవరు చెబుతారు?

మనుషులలో ఏమి తేలింది?

ఇటలీలో కియాంటి అనేది వైన్‌కు పేరుపడిన ప్రాంతం. అక్కడ 65 ఏళ్లు దాటిన 783 మందిని 1998 నుండి 2009 వరకు గమనించారు. వారు ఆహారంలో ఎంత రెస్వెరట్రాల్ తీసుకుంటున్నారో మాటలమీద ఆధారపడక, మూత్రపరీక్షతో కొలిచారు. ఫలితం 2014లో వెలువడింది. ఎక్కువ ఉన్నవారికీ తక్కువ ఉన్నవారికీ మరణాలలో గాని, గుండెజబ్బులో గాని, క్యాన్సరులో గాని తేడా కనబడలేదు.

ఆహారంలో ఉన్నది తక్కువ కాబట్టి పనిచేయలేదేమో, మాత్రగా ఎక్కువ మోతాదులో ఇస్తే పనిచేస్తుందేమో అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2013లో డెన్మార్క్‌లో 65 ఏళ్ల ప్రాయంలోని 27 మంది పురుషులకు ఎనిమిది వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజుకు 250 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్, సగం మందికి ఉత్త మాత్ర. వ్యాయామం వల్ల గుండెకూ ఊపిరితిత్తులకూ రావలసిన మేలు ఉత్త మాత్ర వేసుకున్నవారికి ఎక్కువగా, రెస్వెరట్రాల్ వేసుకున్నవారికి తక్కువగా దక్కింది. అంటే నడక వల్ల వచ్చే లాభానికి మాత్ర గండికొట్టింది. చిన్న పరీక్షే, నిజమే. కాని "నష్టమేముంది, వేసుకుంటే పోలా?" అనేవారికి ఇది సమాధానం. మధుమేహ రోగులలో చక్కెర కొంచెం తగ్గిందని చెప్పే చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఏ తేడా లేదని చెప్పేవీ ఉన్నాయి. గుండెపోటును గాని, మరణాన్ని గాని తగ్గించిందని చూపిన పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు.

ఎందుకు పనిచేయదు? కారణం మన కడుపులోనే ఉన్నది. మింగిన రెస్వెరట్రాల్‌లో ఎక్కువ భాగం పేగుల నుండి లోపలికి పోతుంది. కాని పేగు గోడ, కాలేయం దానికి వెంటనే సల్ఫేటునో, గ్లూకురోనిక్ ఆమ్లాన్నో తగిలించి, మూత్రంలో బయటకు పంపే సరుకుగా మార్చివేస్తాయి. 25 మిల్లీగ్రాములు మింగించి కొలిస్తే, రక్తంలో అసలు రూపంలో మిగిలింది లేశమాత్రం. పరీక్షనాళికలో కణాల మీద పోసిన మోతాదు మన రక్తంలోకి ఎన్నడూ చేరదు. "యాంటీఆక్సిడెంట్" అన్న మాట సీసా మీద ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, కాలేయం ఆ అక్షరాలు చదవదు.

ఇక లెక్క చూద్దాం. పచ్చి వేరుశనగ గింజలలో గ్రాముకు ఎక్కువలో ఎక్కువ 1.8 మైక్రోగ్రాముల రెస్వెరట్రాల్ కొలిచారు. ఉడికించిన కాయలలో గ్రాముకు సుమారు 5. సీసాలలో అమ్మే ఒక మాత్రలో తరచుగా 500 మిల్లీగ్రాములుంటాయి. ఆ ఒక్క మాత్రకు సమానం కావాలంటే పచ్చి గింజలు 277 కిలోలు, ఉడికించిన కాయల గింజలు 100 కిలోలు తినాలి. వైన్ అయితే లీటరుకు ఏడు మిల్లీగ్రాములున్న మేలురకమైనా 70 లీటర్లకు పైగా తాగాలి. గుండె కథ తరువాత, ముందు కాలేయమే మిగలదు. పైగా మద్యం క్యాన్సరు కారకమని నిర్ధారణ అయిన పదార్థం. మద్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి "గుండె కోసం వైన్" అనే మాటను ఇకనైనా కట్టిపెట్టండి. తాగేవారు తాగడానికి కారణాలు వెదకనవసరం లేదు; వైద్యశాస్త్రాన్ని సాక్షిగా పిలవకుండా ఉంటే చాలు.

ఇంకొక హెచ్చరిక. పెద్ద మోతాదులో ఈ మాత్రలు విరేచనాలు, కడుపునొప్పి తెస్తాయి. కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుంటాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు వీటిని వైద్యునికి చెప్పకుండా మింగడం చేతులారా ప్రమాదం తెచ్చుకోవడమే.

అయితే వేరుశనగ మంచిది కాదా?

మంచిదే. చాలా మంచిది. వంద గ్రాముల గింజలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి. నలభై గ్రాములకు పైగా నూనె ఉన్నది, అందులో ఎక్కువ భాగం గుండెకు కీడు చేయని రకం. బి విటమిన్లున్నాయి, మెగ్నీషియం ఉన్నది, పీచు ఉన్నది. 2015లో అమెరికాలోని పేదవర్గాలను, చైనాలోని షాంఘై నగరవాసులను కలిపి రెండు లక్షల మందికి పైగా పరిశీలించిన అధ్యయనంలో వేరుశనగ, ఇతర గింజలు తినే అలవాటున్నవారిలో మరణాలు తక్కువగా కనబడ్డాయి. వారు తిన్నది గింజ, మాత్ర కాదు. జొన్నరొట్టెలోకి బుడ్డల పొడి, అన్నంలోకి బుడ్డల చట్నీ, సాయంత్రం గుప్పెడు ఉడికించిన కాయలు, ఇవి మన మెట్టసీమ పేదవానికి దొరికిన పాలు, మాంసం. ఆ ఆహారంలో ఒక్క అణువును ఏరి, దానికి కిరీటం పెట్టి, వంద రెట్ల ధరకు తిరిగి మనకే అమ్మడం మీదనే నా అభ్యంతరం. అసలు ఆ మాత్రలలో ఎక్కువ భాగం వేరుశనగ నుండి తీసినవి కూడా కావు. తూర్పు ఆసియాకు చెందిన ఒక కలుపుమొక్క వేరు నుండి తీసినవి. మీ పొలం గింజకు పేరు, వేరెవరి సీసాకో డబ్బు.

ఇప్పుడు అసలు విషయం

రెస్వెరట్రాల్ మొక్కకు ఆయుధమని పైన చెప్పాను. ఆ ఆయుధం ఎవరి మీద? ముఖ్యంగా నేలలో ఉండే బూజుల మీద. వాటిలో ఒకటి ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చని బూజు. అది తయారు చేసే విషమే అఫ్లటాక్సిన్.

తేమ ఉన్న నేలలో ఊరుతున్న గింజ ఈ బూజును ఎదిరించగలదు. రెస్వెరట్రాల్‌ను, దాని బంధువులైన ఇతర పదార్థాలను తయారు చేసుకుని దానిని అడ్డుకుంటుంది. కాని పంట చివరి నాలుగైదు వారాలలో వాన ముఖం చాటేస్తే, నేల వేడెక్కి గింజలో తేమ తగ్గిపోతుంది. తేమ ఒక స్థాయికి దిగజారగానే గింజ ఈ పదార్థాల తయారీ మానివేస్తుంది. బూజుకు మాత్రం ఆ కొద్దిపాటి తేమ చాలు. కోట కాపలావాడు దాహంతో పడిపోయాడు, దొంగకు దాహం లేదు. ఈ పరిణామాన్ని అమెరికాలోని వేరుశనగ పరిశోధకులు 1980లలోనే పొలాలలో చూపించారు.

ఇది ఎక్కడి కథో మీకు చెప్పనవసరం లేదు. డోన్, ప్యాపిలి, పత్తికొండ, ఆదోని, అటు అనంతపురం, ఇటు కడప మెట్టలు. జూన్, జులైలలో విత్తి, అక్టోబరు, నవంబరులలో పెరికే వర్షాధారపు పంట. కాయ ఊరే వేళకు వాన ఎగవేయడం మనకు వింత కాదు, అలవాటు. మన వేరుశనగలోని "దివ్యౌషధం" సరిగ్గా మనకు కరువు వచ్చిన ఏడాదే లేకుండా పోతుంది. దాని స్థానంలోకి విషం వస్తుంది. రెస్వెరట్రాల్ గొప్పలు చెప్పేవారెవరూ ఈ సగం కథ చెప్పరు.

అఫ్లటాక్సిన్ ఎంత విషం? 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెదకగా, వాటి దాణాలో కలిపిన బూజుపట్టిన వేరుశనగ చెక్క కారణమని తేలింది. ఆ విధంగా ఈ విషం బయటపడింది. 1974 చివరలో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిన్న దాదాపు 400 మందికి కామెర్లు, జలోదరం వచ్చి 106 మంది మరణించారు. ఆ వ్యాధికి అఫ్లటాక్సిన్ కారణమని వెలికితీసినవారిలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ముందున్నారు. ఇది ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పోయినప్పటి కథ. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పోతే అది కాలేయ క్యాన్సరుకు దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం దీనిని మొదటి వర్గంలో, అంటే మనుషులలో క్యాన్సరు కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థాలలో చేర్చింది. హెపటైటిస్ బి ఉన్నవారికి ఇది తోడైతే ముప్పు కూడికగా కాదు, గుణకారంగా పెరుగుతుందని షాంఘైలో జరిగిన పరిశోధన 1992లో చూపింది.

రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. కిలో పచ్చి గింజలలో రెస్వెరట్రాల్ 1,800 మైక్రోగ్రాములున్నా మనిషికి మేలు రుజువు కాలేదు. అదే కిలోలో అఫ్లటాక్సిన్ 15 మైక్రోగ్రాములు దాటితే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఒప్పుకోదు. యూరప్ దేశాలు నేరుగా తినే గింజలకు 4 మైక్రోగ్రాములే హద్దుగా పెట్టుకున్నాయి. మేలు చేయని దానికి ఇంత ప్రచారమా? కీడు చేసేదానికి ఇంత మౌనమా?

యూరప్‌కు ఎగుమతి అయ్యే మన దేశపు వేరుశనగకు ప్రతి లాటుకూ అఫ్లటాక్సిన్ పరీక్ష, ధ్రువపత్రం ఉండాలి. సంతోషమే. మరి డోన్ సంతలో, కిరాణా కొట్టులో, పొడి తయారు చేసే చిన్న మిల్లులో ఆ చీటీ ఎక్కడ? చట్టంలో మనకూ పరిమితి ఉన్నది. కాగితం మీది పరిమితి కడుపులోని గింజను పరీక్షించదు. పరదేశపు బిడ్డ తినే గింజకు ప్రయోగశాల, దానిని పండించిన రైతు బిడ్డ తినే గింజకు దైవాధీనం. ఇది నాకు ఆమోదం కాదు, మీకూ కాకూడదు.

2020 నుండి మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో వేరుశనగ చిక్కీ చేరింది. అది మంచి నిర్ణయం. బెల్లం, వేరుశనగ కలిసిన ఆ ముక్క పిల్లలకు శక్తి, మాంసకృత్తులు రెండూ ఇస్తుంది. దానిని తీసివేయమని నేను అనను. దానికి వాడే ప్రతి లాటు గింజల పరీక్షాఫలితాన్ని బడి గోడ మీద అంటించమంటున్నాను. పిల్లలకు పెట్టేది కనుకనే ఈ మాట మరీ గట్టిగా అంటున్నాను.

మన చేతిలో ఉన్నవి

"బాగా వేయిస్తే పోతుంది గదా" అంటారు. పోదు. అఫ్లటాక్సిన్ వంట వేడిని చాలావరకు తట్టుకుంటుంది. వేయించడం వల్ల కొంత తగ్గవచ్చు, మొత్తం పోదు. బూజు చచ్చినా విషం మిగులుతుంది. కడిగినా పోదు.

పోగొట్టగలిగింది ఏరడం. ఈ విషం గింజలన్నింటిలో సమానంగా ఉండదు. కొద్ది గింజలలో గుట్టగా ఉంటుంది. ముడతలు పడినవి, రంగు మారినవి, పుచ్చినవి, పగిలినవి, బూజు కనబడేవి, నోట్లో వేసుకోగానే చేదనిపించేవి, వీటిని ఏరివేస్తే ముప్పులో పెద్ద భాగం పోతుంది. మన ఇళ్లలో అమ్మలు చేటలో పోసి ఏరే పని ఉత్త చాదస్తం కాదు, అది క్యాన్సరు నివారణ. కాని ఏరినవాటిని ఏమి చేస్తున్నాము? మంచి గింజలు అమ్మకానికి, ఏరినవి ఇంటి చట్నీకి. లేదా చవకగా పొడి మిల్లుకు. పొడి అయ్యాక ఏ గింజ ఎటువంటిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఏరిన గింజలను పశువుకు కూడా పెట్టకండి. విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది మళ్లీ మీ బిడ్డే.

పొడిని బయట కొనకండి. గింజలు కొని, ఏరి, ఇంట్లో దంచుకోండి. గానుగ నూనె మీద మోజున్నవారికి ఒక మాట: గానుగలో విషం ఎక్కువగా చెక్కలోనే ఉండిపోయినా, కొంత నూనెలోకీ వస్తుంది. శుద్ధి చేసిన నూనెలో అది తొలగిపోతుంది. గానుగ నూనే కావాలంటే గానుగలో పోసే గింజ ఎటువంటిదో మీ కళ్లతో చూసుకోండి.

రైతు సోదరులకు. కాయ ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని వ్యవసాయ శాఖవారు చెప్పేది దిగుబడి కోసమే కాదు. గట్టిపడిన కాయపెంకు బూజుకు అడ్డుగోడ. అవకాశం ఉంటే చివరి దశలో ఒక్క తడి ఇవ్వండి. పెరికిన చెట్లను కాయలు పైకి వచ్చేటట్లు తిరగేసి ఆరబెట్టండి. తడి మీద వామి వేయకండి. కాయ ఊపితే గింజ గలగలలాడే వరకు ఎండనివ్వండి. ఒలిచేటప్పుడు గింజ పగలకుండా, తూకం పెరగకుండా పోదని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు ఒకటున్నది. ఆ నీళ్లు బూజుకు ఆహ్వానపత్రిక. దయచేసి మానండి.

ప్రతి ఒక్కరికి. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు హెపటైటిస్ బి టీకా వేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అఫ్లటాక్సిన్ ముప్పును గుణించే ఆ వైరస్‌ను ముందే తలుపు దగ్గర ఆపినట్లవుతుంది. కాలేయాన్ని కాపాడాలన్న కోరిక నిజంగా ఉంటే, రెస్వెరట్రాల్ సీసాకంటే ఈ ఒక్క సూది మేలు.

ప్రభుత్వానికి. మార్కెట్ యార్డులలో అఫ్లటాక్సిన్ పరీక్ష కిట్లు పెట్టండి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ తక్కువ ఖర్చుతో పరీక్షించే పద్ధతిని ఎన్నడో రూపొందించింది. విద్య మన గుమ్మం ముందున్నది, దానిని యార్డులోకి తేవడమే మిగిలింది. పరీక్షలో తప్పిన రైతును శిక్షించకండి. కరువు అతని నేరం కాదు. ఆ సరుకును తిండికి గాక వేరే పనికి మళ్లించి, అతనికి ధర ఇప్పించండి. లేకపోతే అది దొడ్డిదారిన మన పళ్లెంలోకే వస్తుంది.

తోటి వైద్యులకు ఒక విన్నపం. చీటీలో ఈ మాత్రలు వ్రాయకండి. "హాని లేదులే" అని వ్రాసే ప్రతి చీటీ ఆ సీసాకు మన అర్హత ముద్ర వేస్తుంది. పేదవాని జేబులో నుండి పోయే ఆ డబ్బు మంచి గుడ్డుకు, పప్పుకు, బీపీ మందుకు పోవలసినది.

ఇక మీరు. రేపు అంగడిలో వేరుశనగ కొనేటప్పుడు గుప్పెడు చేతిలోకి తీసుకుని చూడండి. ముడతలు, మచ్చలు ఎక్కువగా ఉంటే తిరిగి ఇచ్చివేయండి. "పరీక్ష చేసిన సరుకేనా?" అని అడగండి. మొదటిసారి కొట్టువాడు నవ్వుతాడు. పదిమంది అడిగితే ఆలోచిస్తాడు. వందమంది అడిగితే చీటీ తెస్తాడు.

ఆరోగ్యమస్తు.